కొండముక్కు మీదినుంచి సముద్రపక్షుల పరిశీలన: విశాఖ తీరం

చేపల రేవులో పడవల చుట్టూ ముసురుకుని అరిచే తెల్లపిట్టను చూపించి ఇదే సముద్రపక్షి అంటే ఎవరూ కాదనరు. కానీ బూడిదరంగు వీపు, చలికాలంలో చెవి దగ్గర నల్లమచ్చ ఉండే ఆ గల్ పుట్టింది టిబెట్ పీఠభూమి మీది సరస్సుల పక్కన. చలి గడుపుకోవడానికి మన తీరానికి దిగి, రేవు విదిలించే చేపముక్కలతో కడుపు నింపుకుని, ఎండలు ముదిరేలోగా వెళ్లిపోతుంది. దాన్ని ఒడ్డుపక్షి అనడం సబబు. నడిసముద్రపు పక్షుల సంగతి వేరు. షియర్‌వాటర్లు, స్టార్మ్ పెట్రెల్‌లు, ట్రాపిక్ పక్షులు, బూబీలు, టెర్న్‌లలో కొన్ని జాతులు తిండినీ నిద్రనీ నీటి మీదే వెతుక్కుంటాయి. ఉప్పునీళ్లే తాగుతాయి. కళ్లకు పైన ఉండే గ్రంథులు ఆ ఉప్పును వడగడితే అది చుక్కలుగా ముక్కు చివరినుంచి జారిపోతుంది. గుడ్డు పెట్టడానికి మాత్రం ఏదో ఒక దీవి కావాలి కాబట్టి నేల మీదికి వస్తాయి. ఇలాంటి పక్షిని నేల మీదినుంచే చూడాలంటే నేలే సముద్రంలోకి పొడుచుకుపోయిన చోటు ఎంచుకుని, అక్కడ గంటల తరబడి కూర్చుని, దాటిపోయేదాన్ని దాటిపోయినట్టు లెక్కపెట్టాలి. భూగోళ పాఠాల్లో అలాంటి చోటును అగ్రం అంటారు. విశాఖపట్నం రేవుకు కాపలాగా నిలబడిన కొండకు ఇంగ్లీషువాళ్లు డాల్ఫిన్ ముక్కు అని పేరు పెట్టారు కనుక ఇక్కడ కొండముక్కు అనే మాటనే వాడుకుందాం.

సముద్రం ఎరగని తెలుగు నేలలో ఈ తేడా చెప్పడం ఇంకా అవసరం. కర్ణాటక సరిహద్దులోని బాగేపల్లి, చింతామణి, చాకవేలు వైపు తెలుగే ఇంటి భాష. సముద్రం మాత్రం వందల కిలోమీటర్ల దూరం. అయినా అక్కడి చెరువుల మీద చలికాలంలో ముక్కు కిందికి వంచి, గాలిలో తేలుతూ, ఒక్కసారిగా నీటి మీదికి వాలి పురుగునో చేపపిల్లనో ఎత్తుకుపోయే సన్నటి టెర్న్‌లు కనిపిస్తాయి. అవి నడిసముద్రపు టెర్న్‌లకు దాయాదులే, కాకపోతే మంచినీళ్ల కొమ్మకు చెందినవి. బాగేపల్లికి దగ్గర్లోనే, సరిహద్దుకు ఇవతల చిలమత్తూరు మండలం వీరాపురంలో ఊరి చెట్ల మీద ఏటా గూళ్లు కట్టే ఎర్రకాళ్ల కొంగలు పేరుపొందినవి. ఊరివాళ్లు వాటిని ఆడపడుచుల్లా చూసుకుంటారు. అవీ నీటిపక్షులే, కానీ వాటి బతుకు చెరువు మడుగుల్లోనిది. ఆ సరిహద్దు తాలూకాల వాననీళ్లు చిత్రావతి, పాపాఘ్ని నదుల గుండా పెన్నలో కలిసి నెల్లూరు దగ్గర సముద్రానికి చేరతాయి. మన పక్షి పరిచయం మాత్రం నది వెంట అంత దూరం నడవలేదు. చెరువుగట్టు దగ్గరే, మహా అయితే పులికాట్ సరస్సు దగ్గరే ఆగిపోయింది.

ఆంధ్ర తీరానికి సముద్రపక్షులు పెద్దగా రావనే అభిప్రాయం చాలాకాలంగా ఉంది. అందులో కొంత నిజం ఉంది, ఆ సంగతి తర్వాత చూద్దాం. కానీ ఆ అభిప్రాయానికి ఆధారమైన రికార్డును విప్పి చూస్తే అది పక్షుల గురించి చెప్పేదానికంటే చూసినవాళ్లు ఎక్కడ నిలబడ్డారు, ఏ నెలలో నిలబడ్డారు అన్నదాని గురించే ఎక్కువ చెబుతుంది. ఈ వ్యాసం వాదన ఇదే: సరైన కొండముక్కు మీద, సరైన నెలల్లో, గంటల లెక్కతో కూర్చుంటే తప్ప ఈ తీరం పేదదో కాదో తేలదు, ఆ పని పడవ వల్ల గానీ, ఒడ్డుకు కొట్టుకొచ్చిన పక్షుల వల్ల గానీ పూర్తి కాదు.

ముందు ఎక్కడ అన్న ప్రశ్న. తెలుగు దేశపు పక్షుల గురించి పేరున్న సర్వేలు తీసుకోండి. 1930లలో విస్లర్, కినియర్ ప్రచురించిన వెర్నే సర్వే తూర్పు కనుమల మీద జరిగింది. 1931-32లో సలీం అలీ చేసిన సర్వే హైదరాబాదు రాజ్యానిది. ఆ రాజ్యానికి సముద్రమే లేదు. 1980ల చివర రిప్లీ, బీలర్, విశాఖకు చెందిన కె.ఎస్.ఆర్. కృష్ణరాజు కలిసి బొంబాయి నేచురల్ హిస్టరీ సొసైటీ పత్రికలో రాసిన ప్రసిద్ధ వ్యాసం విశాఖ మన్యపు పక్షుల గురించి. మూడూ గొప్ప పనులే. మూడూ సముద్రానికి వీపు పెట్టి, అడవి వైపు తిరిగి చేసినవే. ఇందులో తప్పుపట్టేదేమీ లేదు. అనంతగిరి, లంబసింగి లాంటి కొండలు కళ్లెదుట ఉండగా ఖాళీ నీళ్ల వైపు చూస్తూ కూర్చునేది ఎవరు? కానీ కొండ మీద వెతికినవాడికి కొండపక్షులే దొరుకుతాయి. పైగా ఆంధ్ర తీరంలో ఎక్కువ భాగం కృష్ణా, గోదావరి డెల్టాలు, ఇసుక దిబ్బలు, ఉప్పుటేర్లు. 974 కిలోమీటర్లని చిన్నప్పుడు బట్టీపట్టిన తీరం పొడవు కొత్త కొలతల్లో వెయ్యి దాటింది గానీ, అందులో రాతికొండ నేరుగా నీళ్లలోకి దిగే చోట్లు ఉత్తరాంధ్రలోనే, అందులోనూ ముఖ్యంగా విశాఖ, భీమునిపట్నాల మధ్యే ఉన్నాయి. తీరపక్షుల పరిశీలకులు సహజంగానే డెల్టా బురదమేటల వైపు వెళ్లారు. కాకినాడ దగ్గర కోరింగ మడ అడవుల్లో, హోప్ ఐలండ్ ఇసుక నాలుక మీద వాళ్లకు కింది ముక్కు పొడుగ్గా ఉండే స్కిమ్మర్లు, వేల మైళ్లు ఎగిరొచ్చే ఉల్లంకులు దొరికాయి. బురదమేట నుంచి చూసినవాడికి నడిసముద్రం గీతలా మాత్రమే కనిపిస్తుంది.

ఎప్పుడు అన్న ప్రశ్న ఇంతకంటే ముఖ్యమైనది. ఆసియా నీటిపక్షుల గణన 1987 నుంచి ఏటా జనవరిలో జరుగుతోంది. పెరట్లో పక్షుల లెక్క, కాలేజీ ఆవరణల్లో పక్షుల లెక్క ఫిబ్రవరిలో. మన పక్షి పరిశీలన పంచాంగం మొత్తం ఉత్తరాదినుంచి దిగే వలసపక్షుల చుట్టూ అల్లుకున్నది. బాతులకూ ఉల్లంకులకూ అది సరిపోయిన పంచాంగమే. కానీ ఉత్తర హిందూ మహాసముద్రానికి వచ్చే నడిసముద్రపు పక్షుల్లో పెద్ద వాటా దక్షిణార్ధగోళానిది. విల్సన్ స్టార్మ్ పెట్రెల్ పట్టుమని 40 గ్రాములు తూగని నల్లపిట్ట, నడుము దగ్గర తెల్లపట్టీ. అంటార్కిటికా తీరంలో, దాని చుట్టుపక్కల దీవుల్లో రాతి పగుళ్లలో గుడ్డు పెడుతుంది. ఫ్లెష్‌ఫుటెడ్ షియర్‌వాటర్ పశ్చిమ ఆస్ట్రేలియా దీవుల బొరియల్లో, షార్ట్‌టెయిల్డ్ షియర్‌వాటర్ టాస్మేనియా వైపు. జనవరిలో మనవాళ్లు దుర్భిణీలు తుడుచుకుని బయల్దేరేటప్పటికి ఈ మూడు జాతుల పెద్దపక్షులూ గూటిలో గుడ్డుకో పిల్లకో కట్టుబడి ఉంటాయి. అక్కడ చలి మొదలయ్యాక, అంటే మనకు ఎండలు ముదిరి నైరుతి కమ్ముకొచ్చే నెలల్లో, అవి భూమధ్యరేఖ దాటి ఉత్తరానికి వస్తాయి. పెళ్లివారు వెళ్లిపోయాక విడిదింటికి వెళ్లి ఎవరూ లేరని రాసుకొచ్చినట్టుంది మన లెక్క. అయితే జనవరి సముద్రం పూర్తిగా ఖాళీ అనలేం. ఉత్తర ధ్రువ ప్రాంతపు పోమరైన్ స్కువా, జపాన్, కొరియా దీవుల్లో పుట్టే స్విన్‌హో స్టార్మ్ పెట్రెల్ మన చలికాలంలోనే హిందూ మహాసముద్రానికి వస్తాయి. లెక్క ఒకే నెలకు అతుక్కుపోవడమే ఇక్కడి ఇబ్బంది.

ఇక సముద్రం సంగతి. పక్షులు ఊరికే రావు, తిండి ఉన్న చోటికి వస్తాయి. బంగాళాఖాతం ఈ విషయంలో అరేబియా సముద్రంతో పోలిస్తే పేదదే. గంగ, బ్రహ్మపుత్ర, మహానది, గోదావరి, కృష్ణ తెచ్చి పోసే మంచినీళ్లు, పైనుంచి పడే వాన కలిసి ఉప్పు తక్కువైన తేలికపాటి పొరగా పైన పరుచుకుంటాయి. కింది బరువైన నీళ్లు ఆ మూతను తోసుకుని పైకి రావడం కష్టం. పోషకాలన్నీ అడుగునే ఉండిపోతాయి. పైన నాచుమొక్కలు, వాటిని తినే చిన్న జీవులు, వాటిని తినే చేపలు అన్నీ ఆ మేరకు తగ్గుతాయి. అరేబియా సముద్రంలో సోమాలియా, ఒమన్ తీరాల వెంట నైరుతి గాలి చల్లటి అడుగునీటిని పెద్దయెత్తున పైకి లాగుతుంది కాబట్టి అక్కడ పక్షులు లక్షల్లో. ఆంధ్ర తీరం పేదదనేవాళ్ల బలమైన వాదన ఇదే. దీన్ని తోసిపుచ్చలేం.

కానీ ఖాతం మొత్తానికి సరిపోయిన మాట ప్రతి తీరపు ముక్కకూ, ప్రతి నెలకూ సరిపోతుందా అన్నది వేరే విషయం. దీనికి జవాబు వాల్తేరులోనే ఉంది. 1950ల తొలినాళ్లలో అమెరికా సముద్ర శాస్త్రజ్ఞుడు యూజీన్ లఫాండ్ ఆంధ్ర విశ్వవిద్యాలయానికి వచ్చి, ఇక్కడి విద్యార్థులతో కలిసి విశాఖ ఎదుటి నీటి వేడినీ ఉప్పునూ లోతు లోతుగా కొలిచాడు. 1954లో విశ్వవిద్యాలయం ప్రచురించిన సంపుటంలో ఆయన చూపించినది స్థూలంగా ఇది: మార్చి చుట్టుపక్కల నెలల్లో విశాఖ తీరం పక్కన అడుగు చల్లనీళ్లు పైకి ఉబుకుతాయి, శరత్కాలంలో పైనీళ్లు కిందికి దిగుతాయి. కారణం గాలి, తీరపు వాలు రెండూ. ఇక్కడ ఒడ్డు నైరుతినుంచి ఈశాన్యానికి సాగుతుంది. వేసవిలో నైరుతి గాలి ఒడ్డుకు సమాంతరంగా వీస్తుంది. భూభ్రమణం వల్ల ఉత్తరార్ధగోళంలో గాలి తోసే పైనీళ్లు మొత్తం మీద గాలికి కుడివైపుకు జరుగుతాయి. ఇక్కడ కుడివైపంటే సముద్రం. పైనీళ్లు లోపలికి జరిగితే ఖాళీని పూడ్చడానికి అడుగునీళ్లు రాక తప్పదు. ఈశాన్య గాలి వచ్చాక అంతా తిరగబడుతుంది. ఇది ఒమన్ తీరంతో పోల్చదగినంత పెద్దది కాదు. అయినా ఏడాదిలో కొన్ని నెలలు, ఒడ్డుకు అతి దగ్గర్లో, ఈ పేద ఖాతంలో తిండి పేరుకునే పట్టీ ఒకటి ఉంటుందని అర్థం. పక్షుల లెక్క జరిగే జనవరి ఆ నెలల్లో లేదు. ఉప్పునీటి థర్మామీటరు చెప్పిన ముహూర్తాన్ని దుర్భిణీ ఇంకా అందుకోలేదని నా అభిప్రాయం.

దీని మీద న్యాయమైన అభ్యంతరం ఒకటి వస్తుంది. ఐర్లండ్‌లోనైనా ఇంగ్లండ్‌లోనైనా సముద్రపక్షుల పరిశీలన పండేది గాలి సముద్రం మీదినుంచి నేల వైపు బలంగా వీచినప్పుడు. నడిసముద్రపు పక్షిని గాలే ఒడ్డుకు తోస్తుంది. నైరుతి గాలికి కేరళ, కన్నడ తీరాలు ఎదురొడ్డి ఉంటాయి. మనకు అదే గాలి నేల మీదినుంచి గానీ ఒడ్డు వెంట గానీ వీస్తుంది, తోస్తే బయటికే తోస్తుంది. మరి కొండముక్కు ఎందుకు? ఎందుకంటే ఒడ్డు వెంట వీచే గాలికి ఒడ్డు వెంట ఎగిరే పక్షి ఉంటుంది. తీరం సరళరేఖ అయితే అది ఎంత దూరంలో పోయినా ఒకటే. మధ్యలో కొండ ఒకటి నీళ్లలోకి చొచ్చుకొస్తే దాన్ని చుట్టి పోవాల్సిందే. ఒక ముక్కునుంచి మరో ముక్కుకు అడ్డంగా కోసుకుపోయే పక్షి, మధ్యలోని ఇసుక ఒడ్డుకు ఎంత దూరమో ముక్కుకు అంత దగ్గర. పశ్చిమ తీరంలో గాలి చేసే పనిని ఇక్కడ నేల ఆకారం చేయాలి. అందుకే ఈ తీరంలో స్థలం ఎంపిక అక్కడికంటే ఎక్కువ ముఖ్యం. అక్కడ తుఫాను గాలి రోజున ఏ బీచిలో నిలబడ్డా ఏదో ఒకటి కనిపించొచ్చు, ఇక్కడ ఇసుకలో నిలబడినవాడికి ఏమీ కనిపించకపోవచ్చు.

రెండో అభ్యంతరం పడవది. పక్షి నడిసముద్రంలో ఉంటే మనమే అక్కడికి వెళ్తే పోలా? 2010 తర్వాత కేరళ, కర్ణాటక పరిశీలకులు చేపల పడవలు మాట్లాడుకుని చేసిన సముద్రయాత్రలు ఈ మాటకు బలం. ఒడ్డు మీది రికార్డుల్లో అరుదనిపించిన విల్సన్ పెట్రెల్, ఫ్లెష్‌ఫుటెడ్ షియర్‌వాటర్, బ్రైడిల్డ్ టెర్న్ లాంటివి ఆ నీళ్లలో రుతువుకు తగ్గట్టు మామూలుగానే తిరుగుతున్నాయని ఆ యాత్రలు చూపించాయి. నిజానికి ఇది మన వాదనకే సాక్ష్యం: అరుదైనది పక్షి కాదు, చూసేవాడు. కానీ పడవ మన తీరంలో ఎప్పుడు దొరుకుతుంది? తూర్పు తీరంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు వేట నిషేధం. తెడ్డుతోనో తెరచాపతోనో నడిచే సంప్రదాయ తెప్పలు తప్ప మరబోట్లు, ఇంజను పడవలు రేవులో లంగరు దించి, అడుగు గీకించుకుని, రంగు వేయించుకుంటూ ఉంటాయి. చేపలు గుడ్లు పెట్టే కాలం కనుక ఆ నిషేధం మంచిదే. అయితే లఫాండ్ చెప్పిన చల్లనీటి కాలపు చివరి భాగం, దక్షిణార్ధపు పక్షులు ఉత్తరానికి వచ్చే తొలి భాగం రెండూ సరిగ్గా ఈ 61 రోజుల్లోనే పడతాయి. ఆ తర్వాత నైరుతి కెరటాల్లో పక్షుల కోసం బోటు అడిగితే ఏ సరంగైనా నవ్వుతాడు. పడవ ఒక రోజు సముద్రాన్ని అడ్డకోతగా చూపిస్తుంది. అదే చోట, అదే ఎత్తులో, వారం వారం కూర్చోగలిగేది కొండ మీదే. నిషేధ కాలానికి ఇంకో ఉపయోగమూ ఉంది. బోట్లు పారేసే చిల్లరచేప కోసం పక్షులు వాటి వెంట పడతాయి కాబట్టి మిగతా నెలల్లో టెర్న్ ఎక్కడ తిరుగుతోందంటే బోటు ఎక్కడ తిరుగుతోందో చెప్పినట్టే. ఆ 61 రోజులు మాత్రం పక్షి తన తిండి తాను వెతుక్కుంటుంది. పోల్చి చూడటానికి అంతకంటే మంచి వ్యవధి దొరకదు.

మూడోది తుఫానుల సంగతి. గాలివాన వెలిశాక ఒడ్డున సొమ్మసిల్లి పడిన బూబీనో నల్లటి టెర్న్‌నో ఎవరో తెస్తారు, ఫొటో పేపర్లో వస్తుంది, జాబితాలో ఒక పేరు చేరుతుంది. భారతదేశపు సముద్రపక్షుల రికార్డుల్లో ఇలా చేరినవి తక్కువేం కాదు. ముఖ్యంగా మంగళూరు, ఉడుపి, కేరళ తీరాల్లో వానాకాలంలో కొట్టుకొచ్చినవి. 2014 అక్టోబరు 12న విశాఖ మీద విరుచుకుపడిన హుద్‌హుద్ పేరే ఒక పక్షి పేరు. తలమీద కుచ్చు విప్పుకునే కూకుడుగువ్వను అరబ్బీలో అలా అంటారు. పేరు పెట్టింది ఒమన్. 2020 అక్టోబరులో వాయుగుండం గాలికి బంగ్లాదేశ్ ఓడ ఎం.వి. మా లంగరు నిలవక తెన్నేటి పార్కు రాళ్ల మీదికి ఎక్కేసింది. ఓడనే ఒడ్డెక్కించిన గాలి పిడికెడు పక్షిని ఎక్కడికైనా మోసుకుపోగలదు. అందుకే ఆ సాక్ష్యం బలహీనం. కొట్టుకొచ్చిన పక్షి ఎక్కడినుంచి వచ్చిందో, ఎన్ని రోజులు తిండి లేక చిక్కిందో, దాని గుంపు దారి ఇదో కాదో ఏదీ చెప్పదు. అది ఉందని చెబుతుంది, ఉంటుందని చెప్పదు. సముద్రం మామూలుగా ఉన్న రోజున రెక్కలు బిగించి, నీటికి మూరెడు ఎత్తులో, ఒక దిక్కుకే సాగిపోయే షియర్‌వాటర్ పది కొట్టుకొచ్చిన కళేబరాలకంటే ఎక్కువ చెబుతుంది.

ఇక గుర్తుపట్టడం. రెండు కిలోమీటర్ల అవతల చుక్కలా పోయే దాన్ని చూసి జాతి పేరు చెప్పడం గుడ్డి ధైర్యం కాదా అన్నది పాత వాదన. దాన్ని తేలిగ్గా తీసుకోకూడదు. అగ్రాలనుంచి చూసి రాసిన ఏ జాబితాలోనైనా పొరపాట్లు ఉంటాయి. కానీ సముద్రపక్షిని ఈకల రంగుతో కాక కదలికతో గుర్తుపడతారు. షియర్‌వాటర్ నాలుగు రెక్కపోట్లు వేసి బిగుసుకుని ఒక పక్కకు ఒరిగి జారుతుంది. స్టార్మ్ పెట్రెల్ నీటి మీద కాళ్లు తాటిస్తూ తడబడినట్టు తిరుగుతుంది. బూబీ సిగార్‌లా రెండు కొనలూ మొనదేలి ఉంటుంది. స్కువా టెర్న్‌ను తరిమి నోటిది కక్కిస్తుంది. ముప్పై రెట్లు పెంచే టెలిస్కోపులో కిలోమీటరు దూరపు పక్షి ముప్పై మూడు మీటర్ల దూరంలో ఉన్నట్టు కనిపిస్తుంది. అంత దూరంలో కాకికీ గద్దకూ తేడా ఏ పల్లెటూరి పిల్లవాడికైనా తెలుసు. మిగిలినదాన్ని 'షియర్‌వాటర్, జాతి తెలియలేదు' అని రాయడం అవమానం కాదు. ఐర్లండ్ నైరుతి కొసన కేప్ క్లియర్ దీవిలో 1959లో పక్షి పరిశీలన కేంద్రం పెట్టినప్పుడు అక్కడా ఇదే అనుమానం. గంటల లెక్కతో ఏళ్ల తరబడి చూశాక సూటీ షియర్‌వాటర్, గ్రేట్ షియర్‌వాటర్ లాంటివి దారితప్పి వచ్చినవి కావని, రుతువుతో పాటు దాటిపోయేవేనని తేలింది. అక్కడ మారింది పక్షి కాదు, కుర్చీ వేసుకుని కూర్చున్న గంటల సంఖ్య. మనకు దగ్గరి ఉదాహరణ శ్రీలంకది: పడమటి తీరం వెంట నైరుతి రుతువు రెండో సగంలో బ్రైడిల్డ్ టెర్న్‌లు బారులు బారులుగా దక్షిణానికి పోవడం అక్కడి పరిశీలకులు చాలాసార్లు నమోదు చేశారు. అది ఖాతం వైపు ఒడ్డు కాదు కనుక దాన్ని యథాతథంగా విశాఖకు అన్వయించకూడదు. ఆ టెర్న్‌కు నేలనుంచి కనిపించేంత దగ్గరగా పోయే అలవాటు ఉందని మాత్రం అది రుజువు చేస్తుంది.

ఎత్తు గురించి ఒక మాట. ఎంత ఎత్తెక్కితే అంత మంచిదనుకోవడం సహజం. లెక్క కూడా అలాగే చెబుతుంది: ఇసుకలో నిలబడిన మనిషికి దిగంతం దాదాపు 5 కిలోమీటర్ల దూరం, 20 మీటర్ల ఎత్తునుంచి 16, సముద్రమట్టానికి 128 మీటర్ల ఎత్తున్న తొట్లకొండ బౌద్ధ విహారం నుంచి 40. కానీ 40 కిలోమీటర్ల అవతలి పక్షి ఏ టెలిస్కోపుకూ ఆనదు. పనికొచ్చే దూరం రెండు మూడు కిలోమీటర్లే. ఆ దూరంలో కావలసింది కెరటాల మధ్య పల్లంలో దాక్కునే పక్షిని పైనుంచి పట్టుకునేంత ఎత్తు, దాన్ని ఆకాశం అంచున నీడలా చూడగలిగేంత తక్కువ ఎత్తు. బాగా పైనుంచి చూస్తే నల్లపక్షి నల్లనీటిలో కలిసిపోతుంది. పదిహేను ఇరవై మీటర్లు చాలు. అందువల్ల డాల్ఫిన్స్ నోస్ దీపస్తంభం చూడ్డానికి ఎంత ఘనంగా ఉన్నా పక్షులకు మేలైన పీట కాదు. పైగా ఆ కొండలో చాలా భాగం నౌకాదళం చేతిలో ఉంది. తూర్పు నౌకాదళ స్థావరం పక్కన అనుమతి లేకుండా టెలిస్కోపు బిగించడం తెలివైన పని కాదు. కైలాసగిరి పాదాల దగ్గరి తెన్నేటి పార్కు రాళ్లు, రుషికొండ కింది వాలు, మంగమారిపేట రాళ్లు, భీమిలి పావురాలకొండ దిగువన ఉన్న ఒడ్డు, ఇటు యారాడ బీచి చివరలు పనికొచ్చే చోట్లు. తూర్పు తీరం కాబట్టి వెలుగు మరో చిక్కు. పొద్దున సూర్యుడు కళ్లలోకే కొడతాడు, పక్షులన్నీ నల్లటి నీడలవుతాయి. మధ్యాహ్నం మూడు దాటాక వెలుగు వీపు వెనకనుంచి పడి రంగులు తేటపడతాయి. ఏప్రిల్, మే నెలల్లో పది గంటలకే నీటి మీద ఎండమావి లేచి దిగంతం అల్లాడుతుంది. సూర్యోదయానికి ముందు అరగంట, సాయంత్రం రెండు గంటలు దక్కించుకోగలిగితే చాలు.

కొలతలకూ టెలిస్కోపుకూ ముందునుంచీ ఈ నీళ్లను చూస్తున్నవాళ్లు ఉన్నారన్నది మరవకూడదు. ఉత్తరాంధ్ర వాడబలిజలు, జాలర్లు నీటి మీద పిట్ట ముసిరిన చోట కవళ్లో కానాగడతలో ఉన్నాయని వల వేస్తారు. పక్షి వాళ్లకు చేప జాడ. 1840లలో నెల్లూరులో వైద్యుడిగా పనిచేసిన జెర్డాన్ పక్షుల గురించి యానాదులనడిగి తెలుసుకున్నాడు, భారతదేశపు పక్షుల మీద తరవాత రాసిన పెద్ద గ్రంథంలో తెలుగు పేర్లు కూడా నమోదు చేశాడు. చెరువు పక్షులకూ అడవి పక్షులకూ అలా పేర్లు మిగిలాయి. నడిసముద్రపు పక్షుల విషయంలో ఈ వ్యాసమే ఇంగ్లీషు పేర్లను తెలుగు లిపిలో రాసి సర్దుకుంటోంది. పెద జాలరిపేటలోనో భీమిలిలోనో వేటకు వెళ్లే ముసలి సరంగును కూర్చోబెట్టి బొమ్మల పుస్తకం చూపించి అడిగే పని టెలిస్కోపు పనికి తోడుగా సాగాలి. అయితే అక్కడా జాగ్రత్త అవసరం. వేటగాడి చూపు చేప మీద ఉంటుంది కనుక చేపను చూపించే పక్షిని గుర్తుపెట్టుకుంటాడు, తిండికి ఆగకుండా దాటిపోయే దాన్ని పట్టించుకోడు. అతని మౌనాన్ని కూడా లేమికి సాక్ష్యంగా తీసుకోకూడదు.

కొండముక్కు మీద రాసే కాగితంలో పక్షుల పేర్లకంటే ముందు ఉండాల్సిన గడులు కొన్ని ఉన్నాయి: తేదీ, కూర్చున్న సమయం, లేచిన సమయం, ఎత్తు, గాలి దిక్కు, దాని వేగం, ఎంత దూరం తేటగా కనిపిస్తోంది, ఎదుట బోట్లు ఎన్ని. ఆ తర్వాత పక్షి, సంఖ్య, పోతున్న దిక్కు. ఉత్తరానికి ఎన్ని, దక్షిణానికి ఎన్ని అని విడదీయకపోతే పొద్దున పోయి సాయంత్రం తిరిగొచ్చే పెద్ద క్రెస్టెడ్ టెర్న్‌లే రెండుసార్లు లెక్కకెక్కి వలసలా కనిపిస్తాయి. వీటన్నిటికంటే రాయడానికి మనసొప్పనిది సున్నా. మే నెలలో మూడు గంటలు ఎండలో కూర్చుని ఒక్క పక్షీ చూడనివాడు ఆ కాగితం చింపేస్తాడు; ఏడాదికొక్కసారి బూబీ కనిపించినవాడు అది మాత్రమే పంపిస్తాడు. అలా పోగైన జాబితాలో పక్షులు ఉంటాయి గానీ గంటలు ఉండవు, గంటలు లేకుండా ఈ తీరాన్ని కోజికోడుతోనో కొలంబోతోనో పోల్చడం కుదరదు. తెన్నేటి పార్కు రాళ్ల మీద, 15 మీటర్ల ఎత్తులో, నైరుతి గాలిలో, సాయంత్రం నాలుగునుంచి ఆరున్నర దాకా, బోట్లు లేవు, పక్షులు సున్నా అని రాసిన వరుస ఒకటి. అదే చోట, అదే గాలిలో, జూన్ రెండో వారంలో, దక్షిణంనుంచి ఉత్తరానికి షియర్‌వాటర్లు నాలుగు, జాతి తెలియలేదు అని రాసిన వరుస ఇంకొకటి. పక్కపక్కన పెడితే మొదటిది లేకుండా రెండోదానికి విలువ కట్టలేం.